కొసరు లేని ఊరు

మా ఆయనకి కూరగాయలు కొనడం బాగా వచ్చని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఆయనకి వచ్చింది కొసరు తీసుకోవడం. నందిగామ రైతుబజారులో వంకాయలు పుచ్చులున్నాయా, బెండకాయలు ముదిరాయా అని చూసేదాన్ని నేను. ఆయన చూపంతా బుట్ట పక్కన తడిగుడ్డ కింద ఉన్న కరివేపాకు మీద. తూకం అయిపోయి, డబ్బులిచ్చేశాక కూడా సంచి మూతి అలాగే తెరిచి పట్టుకుని నిలబడతారు. నోరు తెరిచి ఏమీ అడగరు. కూరగాయలావిడ ఆ సంచి వంక, ఆయన మొహం వంక చూసి, "నీతో పడలేం అన్నా," అంటూ ఓ రెబ్బ కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు అందులో పడేస్తుంది. అప్పటికిగానీ ఆయనకి బేరం ముగిసినట్టు ఉండదు. ఇంటికొచ్చి సంచి గుమ్మరించాక ముందు ఆ రెబ్బనే తీసి చూపిస్తారు. కిలో టమాటాలు డబ్బు పెడితే ఎవరికైనా వస్తాయని, ఆ రెబ్బ మాత్రం తాను సంపాదించుకొచ్చానని ఆయన ఉద్దేశం.

ఆ సంచి పట్టుకుని నిలబడే కాసేపూ నాకు తల కొట్టేసినట్టుండేది. ముందుకు నడిచి వేరే కొట్టు దగ్గర ఏదో చూస్తున్నట్టు నటించేదాన్ని.

ఆయనకి నందిగామలో విత్తనాలు, పురుగుమందుల కొట్టుంది. తీసుకోవడంలోనే కాదు, ఇవ్వడంలోనూ ఆయన పద్ధతి అదే. చందర్లపాడు నుంచో వీరులపాడు నుంచో పత్తి విత్తనాలకొచ్చిన రైతుకి టీ తాగించి, ఓ టోపీయో తువ్వాలో చేతిలో పెట్టకుండా పంపేవారు కాదు. "ఇట్టా పంచుకుంటూ పోతే మనకేం మిగులుద్ది?" అని నేను సణిగితే, "వాళ్లు మళ్లీ మన కొట్టుకే వస్తార్లే," అనేవారు. వచ్చేవాళ్లు కూడా.

నేను నర్సుని. రోజూ నందిగామ నుంచి బస్సెక్కి విజయవాడలో ఒక ఆసుపత్రిలో పనిచేసి వచ్చేదాన్ని. పరీక్షలు రాసి, ఇంటర్వ్యూలు దాటి, ఐర్లండులో ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం తెచ్చుకున్నాను. ముందు నేనొక్కదాన్నే వెళ్లాను. డ్యూటీ నుంచి వచ్చి, వంటగదిలో నిలబడే రెండు బ్రెడ్డుముక్కలు తిని పడుకునేదాన్ని. నాతో నేనే గొడవపడేదాన్ని, ఎందుకంటే గొడవపడటానికి అక్కడ ఇంకెవరూ లేరు. ఆ ఆరు నెలలు ఎలా గడిపానో నాకే తెలియదు.

తర్వాత మా ఆయన, పాప వచ్చారు. కొట్టు మరిదికి అప్పగించి వచ్చారాయన. అయితే బయల్దేరేముందే ఫోన్లో షరతు పెట్టారు. "ఒక్క ఏడాది చూస్తా. నా వల్ల కాకపోతే నేనొచ్చేస్తా, నువ్వూ పాపా ఉండండి. అప్పుడు నువ్వు ఏడవగూడదు, నన్ను తిట్టగూడదు." ఏడవనని ఒప్పుకున్నాను. తిట్టనని మాత్రం మాటివ్వలేదు. ఆయన రాకపోవడం కంటే వచ్చి వెళ్లిపోవడమే నాకు ఎక్కువ భయం. అందుకని ఆ ఏడాదంతా ఆయన సరుకులకి వెళ్తే నా ప్రాణం ఆ సంచిలోనే ఉండేది.

మొదటి రోజే సూపర్‌మార్కెట్టులో కథ మొదలైంది. యూరోని రూపాయల్లోకి మార్చాలంటే దాదాపు వందతో గుణిస్తే చాలు. ఆ గుణకారం అంత తేలిక కావడమే మా కొంప ముంచింది. ఇంకేదన్నా దేశమైతే కాస్త ఆగి ఆలోచించాల్సి వచ్చేది, ఈలోపు నేను ట్రాలీ ముందుకి తోసేదాన్ని. ఇక్కడ ధర చూడటమే ఆలస్యం, వెనక రెండు సున్నాలు వచ్చి కూర్చునేవి.

"బెండకాయలు కిలో ఎనిమిది వందలంట. బంగారం పూత పూశారా ఏంది?"

"మీరు నా జీతాన్ని కూడా వందతో గుణించుకోండి," అన్నాను.

"అది నీ జీతం. ఇది బెండకాయ," అని దాన్ని జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టేశారు, పసిపిల్లని పడుకోబెట్టినట్టు.

నా డ్యూటీలు రాత్రీ పగలూ అని లేకుండా ఉండేవి కాబట్టి వంట, సరుకులు ఆయనే తీసుకున్నారు. ఆ ఊళ్లో చవకగా దొరికేవి క్యాబేజీ, క్యారెట్, బంగాళదుంప. క్యాబేజీతో ఇన్ని చేయొచ్చని మా అమ్మకి కూడా తెలియదు. పప్పు, పచ్చడి, పెసరపప్పు కూర, వడలు, చివరికి పులుసు. బడి నుంచి రాగానే మా పాప బూట్లు విప్పుతూ, "నాన్నా, ఇవాళ క్యాబేజీ పేరేంటి?" అని అడిగేది.

అయినా ఆయన ఊరుకునే మనిషి కాదు. సాయంత్రం కొట్టు మూసేముందు కొన్ని సరుకుల మీద పసుపు చీటీ అంటించి సగం ధరకి ఇస్తారని కనిపెట్టారు. రైతుబజారులో పొద్దుగూకే వేళకి మిగిలినవన్నీ కుప్పపోసి "ఎంతో కొంతకి పట్టుకుపో" అంటారే, అలాంటిదే ఇదీ. ఇక రోజూ ఆ వేళకి అక్కడ హాజరు. చీటీలు అంటించే అబ్బాయి వెనక రెండడుగుల దూరంలో, ఏమీ తెలియనట్టు నడిచేవారు. ఆ ధాటికి మా ఇంటికి పుట్టగొడుగులు వచ్చాయి, మాకు పేరు తెలియని దుంపలు వచ్చాయి, ఒకరోజు పనీర్ అనుకుని ఏదో నీలం చారల చీజ్ వచ్చింది. ఇల్లంతా తడిసిన మేజోళ్ల వాసన కొట్టింది. సగం ధరకే వచ్చిందిగదా అని దాన్ని పోపులో వేయబోతే నేనూ పాపా కలిసి ఆపాము. ఇంత సరదాగా ఉన్నారు, ఈయన ఉండిపోతారులే అని ఆ రోజుల్లో ధైర్యంగానే ఉన్నాను.

ఆ ధైర్యం ఇండియన్ స్టోరులో పోయింది. అది పక్క పట్నంలో ఉంది. బస్సులో గంట. నెలకోసారి వెళ్లేవాళ్లం. ఆ రోజు కందిపప్పు, బియ్యం, మునక్కాయలు, రెండు కట్టల గోంగూర తీసుకున్నాం. గోంగూర ధర నేను ఆయనకి చెప్పలేదు, ఆయనా అడగలేదు, మా కాపురంలో అదో అరుదైన సంఘటన. కౌంటరు దగ్గర డబ్బులిచ్చారు. ఇచ్చాక కదలకుండా సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడ్డారు.

కొట్టు ఆయన ఉత్తరాది మనిషి. తెరిచిన సంచి చూశాడు, వెనక వరుసలో ఉన్నవాళ్లని చూశాడు. ఇంకేమన్నా కావాలా సార్ అని హిందీలో అడిగాడు. మా ఆయన నవ్వి, నందిగామలో వచ్చినంత హిందీలో, "థోడా కరివేపాకు," అన్నారు. కొట్టాయన ఫ్రిజ్ లోంచి కరివేపాకు పాకెట్ తీసి, మిషను మీద టిక్కుమనిపించి, దాని ధర చెప్పి చెయ్యి చాపాడు. అతని తప్పేమీ లేదు. కావాలంటే తీసిచ్చాడు. మా ఆయన ఆ డబ్బులూ ఇచ్చేశారు.

బయట వాన. బస్టాపులో నిలబడ్డాక అన్నారు, "కొసరు లేని ఊళ్లో మనిషి ఎట్టా బతుకుతాడు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"రేటెక్కువైతే తక్కువ తింటాం. అది కాదు. ఆ కొట్టాయన నా మొహం వంక చూడలా," అన్నారు.

ఆ కరివేపాకు పాకెట్‌ని సంచి అడుగుకి తోసేశారు.

తర్వాత ఆవకాయ సంగతి. జూన్ మొదట్లో ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటగదిలో అడుగు పెట్టే చోటు లేదు. పెట్టెలకి పెట్టెలు మామిడికాయలు. పైన పచ్చగా, రాయిలా గట్టిగా ఉన్నాయి, ప్రతి పెట్టె మీదా పసుపు చీటీ. "ఏడాదికి సరిపడా," అన్నారు మొహం వెలిగిపోతూ. మా వైపు ఏదైనా ఏడాదికే కొంటారు. కందులు, చింతపండు, మిరపకాయలు, ఆవకాయ, అన్నీ ఒక్కసారే. ఊళ్లో ఆ రోజుల్లో జగ్గయ్యపేట బజారులో కత్తిపీటల ముందు జనం కాయల సంచులతో బారులు తీరి ఉంటారు. ఈయన మనసంతా అక్కడే ఉంది.

"ఏవండీ, ఇవి అవేనా?" అన్నాను.

"పచ్చగా ఉంది, గట్టిగా ఉంది. ఇంకేం కావాలి?"

కూరగాయల చాకుతో టెంక తెగక, కాయని గట్టు మీద పెట్టి సుత్తితో కొట్టి మరీ కోశారు. పక్కింట్లోకి వినపడే ఉంటుంది. లోపల చూస్తే పసుపు రంగు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. పులుపు ఎక్కడో దూరంగా ఉంది. ఆ మాటే చెప్పాను. "దేశంగాని దేశంలో కాయ, కొంచెం తేడా ఉండదా? ఉప్పూ కారం పడితే అదే సర్దుకుంటది," అన్నారు. ఆ ఉత్సాహాన్ని ఆపడానికి నాకు మనసు రాలేదు. మా అమ్మ జగ్గయ్యపేట మిల్లులో పట్టించి పంపిన కారం, మాకు ఏడాదంతా రావలసింది, మొత్తం అందులో పడింది.

మూడో రోజు మూత తీస్తే నురగ, పానకం వాసన. అవి పండ్లుగా తినాల్సిన కాయలు, తొక్క మాత్రమే పచ్చన. ఊళ్లో నాలుగేళ్ల పిల్లాడు కూడా ఆవకాయ కాయని చూసి పోల్చుకుంటాడు. ఈయన అలాంటి బజారులో పుట్టిపెరిగి ఇలా మోసపోయారు. పారేద్దామా అని అడిగితే, "ఉండనియ్," అని డబ్బాలకెత్తి ఫ్రీజరులో పెట్టేశారు. ఆ తర్వాత మా కూరల్లోకి అక్కడి పొట్లం కారం వచ్చింది. రంగు ఉంది, కారం లేదు. పసుపు చీటీల దగ్గరికి వెళ్లడం కూడా తగ్గించేశారు. ధరలు చూసి అరవడం మానేశారు. ఆ అరుపులు వినపడనందుకు దిగులు పడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

వచ్చే ఎండాకాలం ముందు సెలవుకి ఊరెళ్దామని టికెట్లు చూస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డారు. "తిరుగు టికెట్ తేదీ మార్చుకోటానికి కుదిరేదేమో చూడు. నీకూ పాపకీ అక్కర్లా, నాకే." మాటిచ్చాను కాబట్టి ఏడవలేదు. ఆయన టికెట్ తేదీ మార్చుకునే రకమే తీశాను. దానికి డబ్బు ఎక్కువయింది. ఎంతో నేను చెప్పలేదు, ఆయన వందతో గుణించనూ లేదు.

సెప్టెంబరులో పక్కింటావిడ గేటు దగ్గర ఒక చెక్కపెట్టె పెట్టింది. నిండా ఆకుపచ్చ ఆపిల్ కాయలు, పైన ఒక అట్టముక్క. పాప చదివి చెప్పింది, కావలసినవాళ్లు తీసుకోవచ్చని రాసుందని. పక్కింటావిడ డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. అప్పటిదాకా మాకూ ఆవిడకీ వాన గురించి తప్ప మాటల్లేవు.

"ఊరికే ఎందుకిస్తారు? పుచ్చులై ఉంటాయి," అన్నారు మా ఆయన. పైగా ఊరికే తీసుకోవడం ఆయనకి నామోషీ. తలుపు కొట్టి కిలో ఎంత అని అడిగారు. ఆవిడకి అర్థం కాలేదు. డబ్బులేమీ వద్దంది. ఈయన వదలకుండా ఎంతో కొంత చెప్పమన్నారు. కొనేవాడు ఇస్తానంటాడు, అమ్మేది వద్దంటుంది, అలాంటి బేరం నేను నందిగామలో కూడా చూడలేదు. ఆఖరికి ఆవిడే ఆయన సంచి లాక్కుని కాయలు నింపింది. ఈయన అలవాటు కొద్దీ మూతి తెరిచే పట్టుకుని నిలబడ్డారు, ఏం చేయాలో తోచక. ఆవిడ ఆయన మొహం వంక ఒకసారి చూసింది. "ఉండు," అని లోపలికెళ్లి, పెరట్లోంచి గుప్పెడు పుదీనా తెంపుకొచ్చి కాయల మీద పెట్టింది.

ఆయన ఇంట్లోకి వచ్చిన తీరు చూసి ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాను. "కొసరేసింది! ఏమే, కొసరేసింది!" అని గుమ్మంలోంచే అరుపు. సంచి గుమ్మరించి, ముందు పుదీనానే తీసి చూపించారు.

ఆ ఆపిల్ కాయలు కొరికితే పళ్లు పులిసిపోయాయి. వంటకి వాడే పుల్లటి రకమట. ఆయన ఆ ముక్కని చప్పరిస్తూ వెళ్లి ఫ్రీజరు తెరిచారు. పాడైన ఆవకాయలో లేనిది పులుపు ఒక్కటే. ఆపిల్ ముక్కలు కలిపి, ఇంకాస్త ఉప్పు, ఆవపిండి వేసి మళ్లీ ఊరబెట్టారు. అది అచ్చం ఆవకాయ అని నేననను. బెల్లం ఆవకాయకి దూరపు చుట్టం లాంటిది. వేడన్నంలో మాత్రం బాగానే దిగింది. పాప రెండోసారి అడిగి వేయించుకుంది.

ఒక సీసా పక్కింటావిడకి ఇచ్చొచ్చారు. రెండు రోజులకి ఆవిడ సీసా కడిగి, అందులో రేగుపండ్ల లాంటి ఏవో పండ్ల జామ్ నింపి తెచ్చింది. ఖాళీ సీసా తిరిగివ్వకూడదని ఆవిడకి ఎవరు చెప్పారో. పచ్చడి బాగుందని, రొట్టె మీద రాసుకుని తిన్నానని, మంటకి మాత్రం చచ్చానని చెప్పింది. చెబుతుంటే కూడా ఆవిడ ముక్కు ఎర్రగానే ఉంది. చలికాలమంతా ఇద్దరికీ గేటు దగ్గర కబుర్లు. ఆయన ఇంగ్లీషు ఆవిడకెలా తెలిసేదో, ఆవిడ ఇంగ్లీషు ఈయనకెలా తెలిసేదో నాకు అంతు చిక్కలేదు. అయినా టికెట్ గురించి ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఒప్పుకున్నది ఏడాదికి, ఆ ఏడాది అయిపోవచ్చింది.

మిరపకాయలు కొత్తవి వచ్చే వేళకి నందిగామలో దిగాం. మర్నాడు పొద్దున్నే ఆయన రైతుబజారులో ఉన్నారు. "ఏం అన్నా, ఏడాదిగా కనపడటంలా? ఎక్కడికి పోయావ్?" అని కూరగాయలావిడ ఆయన సంచిలో కరివేపాకు కొమ్మే పెట్టేసింది. తర్వాత కొట్టుకెళ్లి కూర్చున్నారు. మరిది లేచి కుర్చీ ఇచ్చాడు. వచ్చిన రైతులంతా ఆయన్నే పలకరించారు. మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వెళ్లి, ఆ మొహంలో వెలుగు చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. ఈ మనిషిని ఇక్కడినుంచి మళ్లీ తీసుకెళ్లాలనుకోవడం పాపమేమో అనిపించింది. అనిపించినా, ఆయన్ని వదిలి వెళ్లాలని మాత్రం లేదు.

నాలుగు రోజులకి జగ్గయ్యపేట, మా అమ్మ వాళ్లింటికి వెళ్లాం. మిరపకాయలు ఆయనే కొనుక్కొచ్చి డాబా మీద ఎండబోశారు. తొడిమలు తీస్తూ మా అమ్మ గొంతు తగ్గించి, "అల్లుడుగారు మళ్లీ వస్తారంటనా?" అంది. "ఏమో అమ్మా," అన్నాను.

మర్నాడు ఇద్దరం కారం మిల్లుకెళ్లాం. మిల్లాయన మా అమ్మ వాళ్ల వీధివాడే, చిన్నప్పటినుంచీ నేను అన్నా అని పిలుస్తాను. ముక్కుకి తువ్వాలు కట్టుకుని మిషను దగ్గర ఉన్నాడు. మా తేజ మిరపకాయల పెద్ద సంచి దించాక మా ఆయన చంకలోంచి ఇంకో చిన్న సంచి తీశారు. అందులో కాయలు ముడతలు పడి, నల్లెరుపుగా ఉన్నాయి. రంగుకి వాడే బ్యాడిగి రకం, కారం తక్కువ.

"ముందు ఇది పట్టండి. మిషను బాగా దులిపి పట్టండి. తేజ పట్టాక ఇది పడితే దీనికి ఘాటు అంటుకుంటది," అన్నారు.

"ఇదెవరికి? మనింట్లో చప్పకారం ఎవరూ తినరుగా," అన్నాను.

"పక్కింటావిడకి. మొన్న సీసాకే మంటెత్తిపోయిందిగా పాపం."

మిషను మోతలో సరిగ్గా విన్నానో లేదోనని దగ్గరికి జరిగాను. "నేను తీసుకెళ్లి ఇవ్వనా?" అన్నాను.

"నువ్వెందుకు? నేనే ఇస్తా. ఎంతేసుకోవాలో చెప్పొద్దా ఆవిడకి? నువ్వు చెప్తే భయపడుద్ది," అన్నారు, కాయలు మిషనులో పోస్తూ.

నాకు ఎంత సంతోషమైందంటే, తిట్టడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాను. ఏమీ దొరకలేదు. ఆ చిన్న పొట్లం పట్టారు, తర్వాత తేజ పట్టారు. మా ఆయన డబ్బులిచ్చి, ఎప్పటిలాగే సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడ్డారు. మిల్లాయన నవ్వి, అమ్మకానికి పెట్టిన తొట్టిలోంచి ఒక గుప్పెడు కారం తీసి అందులో పోశాడు.

నేను పక్కకి వెళ్లలేదు. సంచి రెండో అంచు నేను పట్టుకున్నాను.

"ఇంకొంచెం వెయ్యన్నా," అన్నాను. "ముగ్గురం వెళ్లాలి."